తోడు బోగీ

భరణి కార్తె, చివరి రోజు

బండి వెళ్ళిపోయింది. పొద్దున్నే కప్లింగ్ విప్పారు. ఆఖరి బోగీ, అంటే వదినా నేనూ ఉన్నది, బొడ్డవర లూప్ లైనులో నిలబడిపోయింది. మిగతా బండి కొండ ఘాటు ఎక్కడానికి కదిలింది. కిటికీల్లోంచి అందరూ చేతులు ఊపారు. వదిన ఊపలేదు.

“ఊపితే సచ్చిపోతన్నాననుకుంటారు” అంది.

మరేం చేస్తున్నావు అని నేను అడగలేదు. నేను నోరు మూసుకున్న సందర్భాలు నా జీవితంలో తక్కువ కాబట్టి ఇది రాసిపెడుతున్నాను.

ఈ పుస్తకం గార్డు రహంతుల్లా గారు ఇచ్చారు. తోడుగా ఉన్నవాళ్ళు రోజూ రాయాలట. ఎండ ఎలా ఉంది, నీళ్ళు ఎంత ఉన్నాయి, మనిషి ఎలా ఉంది, ఇతర వివరాలు. మొదటి మూడింటికీ ఒక్కో గీత ఇచ్చి, ఇతర వివరాలకు పేజీ అంతా వదిలేశారు. అంత చోటు ఖాళీగా కనిపిస్తే నేను ఊరుకుంటానా?

ఎండ: ఇప్పటికి మనుషులు బతికేలాగే ఉంది. రోహిణి వస్తే ఉండదు. రోహిణి కార్తెలో కింద మైదానంలో ఉండి బతికినవాళ్ళు మా ఎరుకలో లేరు. అందుకే మేమంతా కాపురముండే బండి ఏటా ఈపాటికి అరకు కొండెక్కేస్తుంది, వానలు పడ్డాక దిగుతుంది.

మనిషి: కడుపులో గడ్డ. నాలుగు రోజులు, మహా అయితే వారం అని నర్సు చెప్పింది.

తోడుగా రక్తసంబంధం ఉన్నవాళ్ళు ఉండకూడదని బండి రూలు. బయల్దేరాల్సిన గడువు దాటినా వాళ్ళు లేచి రారు. ఒక ఏడాది ఓ తల్లి దగ్గర కొడుకుని ఉంచారు. వానలకు బండి దిగి తలుపు తీస్తే ఇద్దరూ లోపలే ఉన్నారు. వదినకి రక్తసంబంధం ఉన్నవాడు ఒక్కడే, నా కొడుకు పైడిరాజు. మేనత్త దగ్గర నేనే ఉంటానని ఇంజను దగ్గర నిలబడి ఏడ్చాడు. పెద్దలు ఒప్పుకోలేదు. నా వైపు చూశారు. ఆడపడుచు దగ్గర మరదల్ని పెడితే ఏ భయమూ లేదు, గడువుకి ఓ రోజు ముందే పరిగెత్తుకొస్తుందని అనుకున్నట్టున్నారు. వంట బోగీలో ఆడవాళ్ళయితే నాకు వినపడేలాగే నవ్వారు.

“ఆ ఇద్దర్నీ ఒక బోగీలో వొగ్గీస్తే ముందు ఎవురు సస్తారో” అన్నారు.

కృత్తిక చివరి రోజు సాయంత్రంలోగా నేను పట్టాల మీద చేత్తో నడిపే ట్రాలీ ఎక్కి కొండకి బయల్దేరాలి. మనిషి ఉన్నా సరే, పోయినా సరే.

కృత్తిక కార్తె, రెండో రోజు

తెల్లారకముందే బోగీ పైకెక్కి సోలార్ పలకలు తుడిచాను. ఎండెక్కాక వాటిమీద చెయ్యి పెడితే చర్మం ఊడి అక్కడే ఉండిపోతుంది. పలకల మీద దుమ్ము పడితే కూలర్ నీరసపడుతుంది, కూలర్ నీరసపడితే వదిన ఎగపోస్తుంది. తర్వాత వట్టివేళ్ళ చాపలు తడిపి కిటికీలకి కట్టాను. వదినకి ఒళ్ళు తుడిచాను. కాళ్ళు వాచాయి, కడుపు ఉబ్బింది, చేతులు మాత్రం పుల్లలు. నొప్పి వచ్చినప్పుడు నర్సు ఇచ్చిన చుక్కలు నాలుక కింద వేస్తున్నాను.

చోడి అంబలి కాచాను. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది.

“ఉప్పెక్కువైపోనాది.”

“ఉప్పే ఎయ్యలేదు వదినా.”

“అదే. ఉప్పు లేదు.”

పెళ్ళయి వచ్చిన వారానికే మొదలైంది ఇది. నేను వండిన ఏ గిన్నెనీ ఆవిడ వంక పెట్టకుండా దించలేదు. వదిన విధవయినప్పటి నుంచీ, మా ఆయన పోయాక కూడా, ఒకే బోగీలో మధ్యన చీర కట్టుకుని ఉంటున్నాం. అటు ఆవిడ సామాను, ఇటు నాది. ఆవిడ చెంబు ఇటు దొర్లితే దానికో పంచాయితీ.

మధ్యాహ్నం నొప్పి తగ్గాక హుషారుగా అడిగింది.

“ఎలాగ పోతే బాగుంటాదంటావే?”

“నాటకంలో పోయినట్టు పో. డబ్బులైనా వేస్తారు.”

నవ్వింది. నవ్వితే కడుపు నొప్పి పుట్టి నన్ను తిట్టింది. వానాకాలంలో బండి దిగాక ప్లాట్‌ఫారాల మీద నాటకాలు ఆడతాం. వదినది ఎప్పుడూ చచ్చిపోయే వేషమే. కుడిచెయ్యి గుండెల మీద వేసుకుని, ఎడమచెయ్యి మంచం కిందికి వేలాడేసి, అందర్నీ దీవించి పోయేది. బండి బండంతా ఏడ్చేది. నేను తెర వెనకాల ఆవిడ చీరలు మడతపెడుతూ ఉండేదాన్ని. చచ్చిపోయి, లేచి లోపలికొచ్చి, మడత సరిగ్గా లేదని నా మీద కేకలేసేది.

కృత్తిక కార్తె, ఆరో రోజు

నర్సు చెప్పిన వారం నిండింది. వదిన ఉంది. ఇవాళ అంబలి గిన్నె సగం తాగింది కూడా.

మధ్యాహ్నం బోగీలోని వైర్‌లెస్ రేడియోలో రహంతుల్లా గారు పలికారు. “తాయారమ్మా, ఏమైనా విశేషమా?” అన్నారు. కడుపుతో ఉన్న కోడల్ని గురించి ఆరా తీసినట్టుంది.

“ఏమీ లేదండి” అన్నాను.

మంచం మీంచి వదిన అరిచింది. “నాకూ తొందరగానే ఉన్నాదని సెప్పు!”

ఆయన గబగబా బండి క్షేమంగా ఉందని చెప్పి పెట్టేశారు. పైన రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుంటున్నారట.

ఇతర వివరాలు. బండిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క నిమిషం ప్రశాంతంగా ఉండనివ్వరని గొణుక్కునేదాన్ని. పక్క బోగీలో పిల్లల ఏడుపు, అవతల గిన్నెల చప్పుడు, ఎవరో ఒకరు వచ్చి పంచదార అడగడం. ఇక్కడ వదిన నిద్రపోతే నాకు నా ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. స్టేషను రేకుల మీద ఒక కాకి ఉండేది. దానికి రోజూ కాస్త అంబలి పెట్టేదాన్ని. రెండ్రోజుల నుంచీ రావడం లేదు, అదీ కొండెక్కేసినట్టుంది. నాకు భయంగా ఉంది. వదిన నిద్రలో మూలిగితే, హమ్మయ్య, ఇంకో మనిషి ఉంది అనిపిస్తోంది.

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

వేడిగాలి మొదలైంది. బయటికి వెళ్తే కనురెప్పలు కాలుతున్నాయి. పట్టాలు మధ్యాహ్నం పూట మూలుగుతున్నాయి. చాప తడిపి కట్టి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతోంది.

వదినకి ఇవాళ నొప్పి ఎక్కువ. చుక్కలు వేసి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తర్వాత వాళ్ళాయన గురించి మొదలుపెట్టింది. అన్నయ్య గారి పేరు ఆవిడ నోట విని చాలా ఏళ్ళయింది.

అప్పట్లో ఈ తోడు బోగీ లేదు. జబ్బు మనుషుల్నీ బండితోపాటే పైకి తీసుకెళ్ళేవారు. ఘాటు ఎక్కేటప్పుడు కరెంటంతా ఇంజనుకే కావాలి. కూలర్లు ఆపేస్తారు, దీపాలు ఆపేస్తారు. ఆ ఏడాది బండి వంపు సొరంగంలో ఆగిపోయింది. చక్రాలు జారుతున్నాయి, పట్టాల మీద ఇసుక వెయ్యడానికి మనుషుల్ని రమ్మన్నారు. వదిన ముందుకు వెళ్ళి ఇసుక వేసింది. బండి కదిలాక తన బోగీలోకి వచ్చేసరికి జబ్బుతో పడుకున్న అన్నయ్య గారు పోయి ఉన్నారు.

“ఆ సీకట్లో నన్ను పిలిసుంటాడే” అంది. “ఎన్నిసార్లు పిలిసుంటాడో.”

ఆ తర్వాత రెండు వానాకాలాలు పెద్దల వెంటపడి, తిట్టి, ఏడ్చి, ఈ తోడు బోగీ పెట్టించింది వదినే. పోయేవాళ్ళని కుదపకుండా కింద చల్లగా ఉంచాలి, పక్కన ఒక మనిషి ఉండాలి అని. రక్తసంబంధం ఉండకూడదన్న రూలూ, గడువు రూలూ ఆవిడ పెట్టించినవే.

“రూలు పెట్టినప్పుడు ఈ మంచమ్మీద నానే పడుకుంటాననుకోలేదు” అని నవ్వింది. నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకుంది. “సావంటే బయం లేదే తాయారూ. ఒక్కదాన్నీ ఉన్నప్పుడు వొస్తాదేమోనని.”

“నేను లేనా?”

“నీకు గడువున్నాది కదా” అంది.

అంబలి కలుపుతానని లేచి అవతలికి వచ్చేశాను.

కృత్తిక కార్తె, పన్నెండో రోజు

రేడియోలో పైడిరాజు మాట్లాడాడు. ముందు అత్త ఎలా ఉందన్నాడు. తర్వాత, “అమ్మా, బేగి వొచ్చీ. రోహిణి లోపల రాకపోతే నాను దిగొస్తాను” అన్నాడు.

“దిగావంటే కాళ్ళు విరగ్గొడతాను” అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

వాడు ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. వాడు అన్నంత పనీ చేసే మనిషి. మేనత్త పెంపకం.

పెట్టేశాక వదిన అడిగింది. “రోహిణి ఎప్పుడే?”

“ఇంకా బోలెడు రోజులున్నాయి.”

కిటికీకి కట్టిన చాప వైపు చూసింది. నేను తడిపి పక్కకి జరిగానో లేదో అది ఎండిపోయి గలగలమంటోంది. “ట్రాలీ సూసుకున్నావా? బ్రేకు పడతన్నాదా?” అంది.

నాకు వెళ్ళాలని లేదు. తోడు పుస్తకంలో ఇలాంటి మాట రాయకూడదేమో, కానీ రాస్తున్నాను. మా ఆయన పోయిన రాత్రి మా ఇద్దరి మధ్యా కట్టిన చీర వదిన విప్పేసింది. ఒక్క మాట మాట్లాడలేదు, ఓదార్చలేదు. నాకు కనిపించేలా అటుతిరిగి పడుకుంది, అంతే. తెల్లారాక మళ్ళీ కట్టేసింది. ఆ మనిషిని ఊపిరి ఉండగా ఒక చెంబు నీళ్ళు పక్కన పెట్టి వదిలేసి ఎలా వెళ్ళను? వెళ్ళకపోతే నా కొడుకు దిగొస్తాడు. రెండూ ఆలోచిస్తుంటే తిండి సహించడం లేదు.

కృత్తిక కార్తె, చివరి రోజు, ఎండ పూర్తిగా ఎక్కకముందు

వదిన పోయింది. అంటే, పోయినట్టు చేసింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున పలకలు తుడిచి అంబలి పట్టుకెళ్ళాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

“తాయారూ, నువ్వు బంగారానివే. ఆడపడుచునని సూడకుండా కన్నతల్లిలాగ సాకినావు. నీ చేతి అంబలి అమృతం.”

గిన్నె కింద పెట్టేశాను.

“నానెల్తన్నాను. పిల్లోడు జాగర్త. నువ్వు సల్లగుండు.”

కళ్ళు మూసింది. తల పక్కకి వాల్చింది. నా గుండె ఆగినంత పనయింది. అదీ నిజమే, రాయాలి. వదినా అని మీద పడబోయాను. అప్పుడు నాకు ఆ అమృతం అన్న మాట మళ్ళీ వినిపించింది.

చూశాను. కుడిచెయ్యి గుండెల మీద ఉంది. ఎడమచెయ్యి మంచం కిందికి వేలాడుతోంది. ఈ వేడికి చావకుండా బోగీలో మిగిలిన ఒకే ఒక్క ఈగ వచ్చి ఆవిడ ముక్కు మీద వాలింది. ముక్కు కదిలింది.

నవ్వు వచ్చింది. ఆ వెంటనే సంగతి అర్థమై అక్కడే కూర్చుండిపోయాను. ఒంటరిగా పోవడం తప్ప దేనికీ భయపడని మనిషి, నన్ను పంపించడానికి ఒంటరిగా పోవడానికి సిద్ధపడింది. నేను ఎదురుగా ఉన్నంతసేపూ ఆవిడ నా గడువు గురించే బెంగపడుతుంది. వేషం తెలిసిపోయిందని చెప్తే ఆ కాస్త తృప్తీ ఉండదు.

అందుకని ఏడ్చాను. నా జీవితంలో నేను కట్టిన మొదటి వేషం అది. నెత్తి కొట్టుకున్నాను. మధ్యన కట్టిన చీర విప్పి ఆవిడకి మెడదాకా కప్పాను. నీళ్ళ చెంబు, చుక్కల సీసా, రేడియో ఆవిడ చేతికి అందేలా జరిపాను. కూలర్ నిండా నీళ్ళు పోశాను. “వెళ్ళొస్తాను వదినా” అని పైకి చెప్పి తలుపు చేరేశాను.

ట్రాలీని గట్టిగా చప్పుడు చేస్తూ మలుపు దాకా నడిపించి, పాత గేట్‌మన్ గుమ్టీ నీడలో ఆపాను. గొడుగు వేసుకుని, తడిగుడ్డ నెత్తిన కప్పుకుని, కంకర మీద చప్పుడు కాకుండా వెనక్కి నడిచి వచ్చాను. చెప్పుల అడుగులు మెత్తబడి రాళ్ళకి అంటుకున్నాయి.

ఇప్పుడు బోగీ కింద చక్రాల మధ్య కూర్చుని రాస్తున్నాను. కూలర్ నీళ్ళు ఇక్కడికే కారుతాయి, నేల తడిగా ఉంది. వదిన మంచం సరిగ్గా నా నెత్తి మీదే. చెక్క పగుళ్ళలోంచి ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

అదే రోజు, బోగీ కింద

ముందు చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత వదిన నవ్వింది.

“పిచ్చిది. నమ్మీసింది.”

చెంబు చప్పుడైంది, నీళ్ళు తాగింది. నాకు సంతోషమేసింది.

తర్వాత నాతో ప్రయాణం చెయ్యడం మొదలుపెట్టింది. “ఈపాటికి గేటు దాటుంటాది. ఈపాటికి శివలింగపురం వొచ్చుంటాది. అక్కడ ఆగి నీళ్ళు తాగుంటాదా? తాగదు. మొండిది.” నేను ఆవిడ కింద మూరెడు దూరంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, తను చెప్పిన చోటల్లా దాటుతూ వెళ్ళాను. నన్ను ఎవరైనా అంత శ్రద్ధగా తలుచుకోవడం నేను చెవులారా వినడం ఇదే మొదలు. జవాబు చెప్పడానికి లేదు. ఇన్ని రోజుల్లో ఇంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

మధ్యాహ్నం రేడియో పలికింది. రహంతుల్లా గారు “తాయారమ్మా” అంటే వదిన అందుకుంది.

“ఎల్లిపోనాది. పొద్దున్నే ఎల్లిపోనాది. పైడిరాజుని పై సొరంగం దాకా ఎదురంపండి.”

“మరి నువ్వు ఒక్కదానివే ఉన్నావా వజ్రమ్మా?” అన్నారాయన.

“ఉన్నాను. మీకు వొచ్చిన నష్టమేటి?”

పైడిరాజు గొంతు వినపడింది. “అత్తా” అని మాత్రం అన్నాడు.

“ఏడవకురా. మీ యమ్మకి అంబలి కాయడం నేర్పించు” అని పెట్టేసింది.

నాకు ఏడుపూ దగ్గూ కలిసి వచ్చాయి. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పైన చప్పుడు ఆగిపోయింది. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి. మతి తప్పి కలవరిస్తోందనుకున్నాను.

“మొదటి సొరంగంలో ఆగకూడదు. అది పొట్టిది, వేడిగాలి ఇటునుంచి అటు పోతాది. రెండోదీ అంతే. వంపు తిరిగిన సొరంగం ఉంటాది, అందులో కూకోవాలి. ఎడంపక్క గోడకి ఊట ఉన్నాది. ఆయన పోయిన రోజు నాను దీపం పట్టుకుని నిలబడితే ఆ నీల్లు సుక్క సుక్క పడతా ఉన్నాయి. ఎండంతా అక్కడే ఉండి, పొద్దు వాలినాక కదలాలి. తెలిసిందా?”

ఎవరికి తెలియాలో నాకు అర్థం కాలేదు. రాసుకున్నాను మాత్రం.

రోహిణి కార్తె, మొదటి రోజు, తెల్లారే ముందు

నిన్న పొద్దు వాలేటప్పుడు దుమ్ము లేచింది. పలకల మీద దుమ్ము పడి కూలర్ మెల్లగా తిరగసాగింది. నేను కదలడానికి లేదు. వదిన ఊపిరి మారింది. మధ్యలో ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మొదలవుతోంది.

అప్పుడు పిలిచింది. “తాయారూ.”

ఆవిడ నాటకాలన్నీ తెర వెనక నిలబడి విన్నదాన్ని. అది వేషం గొంతు కాదు. చంటిపిల్ల అమ్మని పిలిచినట్టుంది. నేను బోగీ కిందనుంచి ఎలా బయటికొచ్చానో, మెట్లెలా ఎక్కానో తెలీదు. తలుపు తోసుకుని వెళ్ళి మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

“ఎవురు?”

“నేనే వదినా.”

“ఎల్లలేదేటి?”

అబద్ధం వెతుక్కున్నాను. “వెళ్ళాను. పైడిరాజుని చూసొచ్చాను. అక్కడ చల్లగా ఉంది. బండి ఆపి అందరూ నీకోసం చూస్తున్నారు.”

పెదాలు కదిలాయి. దగ్గరికి వంగి విన్నాను.

“నీకు నటన రాదే. సచ్చినదానికి నీల్లెవురు పెడతారే అందేలాగ? ఆ ఏడుపేటి, కుక్క ఏడ్సినట్టు.”

“నీకు తెలుసా?”

“ఏడుస్తా ఉంటేనే అనుమానమొచ్చింది. ట్రాలీ సప్పుడు ఇని ఎల్లిపోనావనుకున్నాను. మద్దేనం దగ్గినావు కదే. అప్పుడు తెలిసింది.” ఊపిరి కూడదీసుకుంది. “దారి ఇన్నావా? ఊట ఎటుపక్క?”

“ఎడంపక్క.”

“మరి నువ్వు బోగీ కింద కూకుంటే నానెలాగ సచ్చేది? తిట్టి పంపుదామనుకున్నాను. నోరు రాలేదు. సల్లగా అనిపించింది, నువ్వు కింద ఉన్నావంటే.” రేడియో వైపు చూసింది. “పిల్లోడికి ముందు కబురు సెప్పు. కంగారు పడి దిగిపోతాడు.”

రేడియో తీసి చెప్పాను. రహంతుల్లా గారు తిట్టబోయారు. తెల్లారకముందే బయల్దేరతాను, వంపు సొరంగంలో ఆగుతాను, పైడిరాజు అంతకంటే కిందికి దిగడానికి వీల్లేదు అని చెప్పాను. ఆయన తిట్టకుండానే సరేనన్నారు.

చుక్కలు వేశాను. అంబలి గిన్నెలో వేలు ముంచి పెదాలకి రాశాను.

“ఉప్పు?” అన్నాను.

తల అడ్డంగా ఊపింది. సరిపోలేదు. ఆవిడ చెప్పిన చివరి సంగతి అదే.

తర్వాత మాటలు లేవు. చెయ్యి మాత్రం వదల్లేదు. నేనూ వదల్లేదు. కిటికీలో ఎర్రగా ఉన్నది మసకబారేదాకా ఊపిరి వస్తూ, ఆగుతూ, వస్తూ ఉంది. ఒకసారి ఆగాక నేను ఎదురుచూశాను. రాలేదు. కుడిచెయ్యి గుండెల మీద లేదు, ఎడమచెయ్యి వేలాడలేదు. రెండూ నా చేతుల్లో ఉన్నాయి. ఎవర్నీ దీవించలేదు. నోరు కాస్త తెరుచుకుని, ఇంకా ఏదో వంక పెట్టబోతున్నట్టు ఉంది. అలా చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కుక్క ఏడ్చినట్టే ఏడ్చాను. విని తప్పులు పట్టేవాళ్ళు లేరు.

ఒళ్ళు తుడిచాను. మా ఇద్దరి మధ్యనా ఉండే చీరే మొహం మీదదాకా కప్పాను. ఇక అది కట్టడానికి రెండోవైపు ఎవరూ లేరు. తలుపుకి గొళ్ళెం పెట్టాలి. వానలు పడి బండి దిగాక అందరం కలిసి తలుపు తీసి, మట్టిలో పెట్టి, భోజనాలు పెట్టడం మా పద్ధతి. అందాకా బోగీ ఇక్కడే ఉంటుంది.

గుమ్మం దగ్గర నిలబడి, “వెళ్ళొస్తాను వదినా” అన్నాను. ఈసారి వేషం లేదు.

రోహిణి కార్తె, మొదటి రోజు, సొరంగంలో

ఎండ: సొరంగం మొదట్లో తెల్లగా ఒక గోడలాగ నిలబడి ఉంది. దాంట్లోకి చెయ్యి పెట్టి చూశాను, వెంటనే తీసేశాను.

నీళ్ళు: ఎడంపక్క గోడకి ఊట ఉంది. సన్నగా, ఆగి ఆగి పడుతోంది. డబ్బా పెట్టాను.

మనిషి: లేదు.

ఇతర వివరాలు. మొదటి సొరంగంలో ఆగలేదు, రెండోదాంట్లోనూ ఆగలేదు. దారి పొడుగునా పట్టాలు కాలిన వాసన. ఇక్కడికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఇది అన్నయ్య గారు పోయిన సొరంగం. ఆయనతో మాట్లాడాను. మీ ఆవిడ ఒంటరిగా పోలేదండీ అని చెప్పాను. చీకట్లో నా గొంతు చాలా దూరం వెళ్ళి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. రేపటి నుంచి నా అంబలికి వంక పెట్టేవాళ్ళుండరు. ఆ సంగతి తలుచుకుంటే బతికి పైకి వెళ్ళడం కూడా ఒక్కొక్కసారి దండగ అనిపిస్తోంది. కానీ పైడిరాజు ఉన్నాడు.

పై చివర దీపం ఒకటి కనిపిస్తోంది. అది ఆగకుండా ఊగుతూ వస్తోంది. వాడే. కిందికి దిగొద్దన్నాను కానీ, సొరంగంలోకి రావద్దని చెప్పడం మర్చిపోయాను.

వాడు వచ్చేలోపు రాయాల్సింది ఒకటుంది. రహంతుల్లా గారూ, ఈ పుస్తకం మీరు పెద్దల ముందు చదువుతారు కదా. తోడుగా రక్తసంబంధం ఉన్నవాళ్ళని పెట్టకూడదని మా వదిన రూలు పెట్టించింది. ఆ రూలు సరిపోలేదు. మరదళ్ళని కూడా అందులో చేర్చండి. వాళ్ళూ గడువుకి లేచి రారు.